చీటీ దగ్గరే ఆగిపోతున్న పంటి వైద్యం

ఐదేళ్ల పిల్లల్లో 51.9 శాతం. పన్నెండేళ్ల వాళ్లలో 53.8 శాతం. పదిహేనేళ్లు వచ్చేసరికి 63.1 శాతం. భారత దంత వైద్య మండలి 2002-03లో దేశమంతటా జరిపిన సర్వేలో పుచ్చుపళ్లున్న పిల్లల లెక్క ఇది. ఆ లెక్కన ఒకటో తరగతిలో ముప్పై మంది ఉంటే పదిహేను మంది నోట్లో పుచ్చు ఉన్నట్టే. ప్రపంచం మొత్తం మీద 51.4 కోట్ల మంది పిల్లల పాలపళ్లు పుచ్చి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెబుతోంది. ఇంతమందికి ఉన్న ఈ జబ్బుకు వైద్యం తెలియనిదేమీ కాదు. అయినా మన పల్లెల్లో, తండాల్లో, గూడేల్లో పిల్లల్ని పళ్ల డాక్టరుకు ఎప్పుడు చూపిస్తున్నాం? చాలా ఇళ్లలో దవడ వాచాక, పిల్లలు రాత్రంతా నిద్రపోకుండా ఏడ్చాక. అప్పటికి చాలాసార్లు పన్ను పీకడం తప్ప మరో దారి ఉండదు.

డాక్టర్లు చాలక అనుకుంటాం. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. ఏటా 25 వేలకు పైగా బీడీఎస్ సీట్లున్నాయి. చదివి బయటికొచ్చినవాళ్లు ఎక్కువగా పట్టణాల్లోనే బోర్డు పెడుతున్నారు. పట్టణాల్లో సుమారు 10 వేల మందికి ఒక పళ్ల డాక్టరు ఉంటే, గ్రామాల్లో 1.5 లక్షల మందికి ఒకరని ఒక అంచనా, 2.5 లక్షల మందికి ఒకరని మరో అంచనా. ఏది తీసుకున్నా తేడా పదిహేను రెట్లకు తగ్గదు. సర్కారు వైద్యం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. పళ్ల డాక్టరు మాత్రం ఆ పై మెట్టులో, 80 వేల నుంచి 1.2 లక్షల మందికి ఒకటి చొప్పున ఉండే సామాజిక ఆరోగ్య కేంద్రంలో కూర్చుంటారు. అక్కడ పోస్టు భర్తీ అయి ఉండాలి, కుర్చీ పనిచెయ్యాలి, పన్ను పూడ్చే సిమెంటు నిండుకోకుండా ఉండాలి. పళ్లను పుచ్చబెట్టే రూపాయి చాక్లెట్ దొరకని ఊరు మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా ఉండదు.

ఇక డబ్బు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. నరం దాకా పుచ్చిన పాలపన్నును పీకకుండా కాపాడాలంటే మామూలుగా రెండు మూడు సార్లు తిరగాలి. తల్లి మూడు రోజులు పని మానితే 921 రూపాయలు పోయినట్టే. డాక్టరు పైసా తీసుకోకపోయినా ఆ ఇంటికి తగిలే దెబ్బ ఇది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో ఛార్జీల భారం కొంత తగ్గింది. నిజంగా మేలే జరిగింది. పోయిన కూలి మాత్రం తిరిగి రాదు. ప్రైవేటు క్లినిక్కుకు వెళ్తే బీమా కార్డు కూడా ఉపయోగపడదు. ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాలు ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం పెట్టినవి. పన్నుకు సిమెంటు పెట్టించుకుని అరగంటలో ఇంటికి వచ్చేసే వైద్యం వాటి కిందికి రాదు. అందుకే ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్లో, ఇంట్లో ఉన్న లవంగం నూనో ముందుకొస్తుంది. నొప్పి తగ్గగానే పన్ను సంగతి అందరూ మరిచిపోతారు. పుచ్చు లోపలికి తొలుచుకుంటూ పోతూనే ఉంటుంది.

జనం వైద్యం కోసం ఎప్పుడు వెళ్తారన్న విషయం మీద అమెరికా పరిశోధకుడు రొనాల్డ్ ఆండర్సన్ 1968లో ఒక నమూనా ఇచ్చారు. ఇంటి నేపథ్యం, అందుబాటులో ఉన్న వనరులు, అవసరం ఉందన్న ఎరుక, ఈ మూడింటి మీదా అది ఆధారపడుతుందని ఆయన లెక్క. పిల్లల పళ్ల విషయంలో మూడోదాన్ని మనం బొత్తిగా పట్టించుకోలేదని నా నమ్మకం. డాక్టరు కంటికి కనిపించే అవసరానికీ, తల్లికి తెలిసే అవసరానికీ మధ్య ఏళ్ల దూరం ఉంటోంది.

“పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి” అన్న మాట వినని పళ్ల డాక్టరు ఉండరు. పాలపళ్లు మొత్తం 20. ఆరో నెల ప్రాంతంలో మొదలై మూడేళ్లలోపు అన్నీ వచ్చేస్తాయి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, ఆ మాట నిజమే. నమిలే దవడ పాలపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. మూడేళ్ల పిల్లకు దవడ పాలపన్ను పుచ్చితే, అది ఊడేదాకా ఆగుదామంటే కనీసం ఏడేళ్లు ఆగాలి. ఆ ఏడేళ్లూ పిల్ల ఒకవైపే నములుతుంది, గట్టివి వదిలేస్తుంది, నొప్పి వచ్చినప్పుడల్లా బడి మానేస్తుంది. ముందుగానే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, రావలసిన పన్నుకు చోటుండదు.

ఇంకో ప్రమాదం ఉంది. ఆరేళ్ల వయసులో ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్లన్నిటి వెనక నాలుగు కొత్త దవడ పళ్లు వస్తాయి. ముందు పళ్ల నడిమి గీత నుంచి ఒక పక్కకు లెక్కపెడితే అది ఆరో పన్ను. ఊడిన పన్ను స్థానంలో రాలేదు కాబట్టి దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని పైభాగంలో లోతైన గాళ్లు ఉంటాయి. బ్రష్ చివర అక్కడిదాకా చేరదు. వచ్చిన ఒకటి రెండేళ్లకే పుచ్చడం మొదలవ్వొచ్చు. ఒకటో తరగతి పిల్లాడిని గుమ్మం దగ్గర వెలుతురులో నిలబెట్టి నోరు తెరిపించండి. చిగురు అంచున సున్నం పూసినట్టు తెల్లటి గీతలు కనిపిస్తే పుచ్చు మొదలవుతోందని గుర్తు. ఈ దశలో ఫ్లోరైడ్ పేస్టుతో, తీపి తగ్గించడంతో అది వెనక్కి మళ్లుతుంది. గుంట పడ్డాక మళ్లదు. డాక్టరు దగ్గరికి వెళ్లనివ్వకుండా, పై పన్ను తీయిస్తే చూపు పోతుందన్న భయం కూడా కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. దానికి ఏ ఆధారమూ లేదు.

ఆసుపత్రికి రాని పిల్లలు అంగన్‌వాడీకి, బడికి వస్తారు. ఈ ఆలోచనతోనే 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా 30 రకాల సమస్యలను కనిపెట్టాలి. పుచ్చుపళ్లు అందులో ఒకటి. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి వెళ్లాలి. చిన్న పట్టణాల్లో తక్కువ ఫీజుతో నడిచే ప్రైవేటు బడుల పిల్లలు ఈ లెక్కలోకి రారు, అది వేరే బాధ. బృందం నోట్లో లైటు వేసి చూస్తుంది, పుచ్చు కనిపిస్తే పెద్దాసుపత్రికి చీటీ రాస్తుంది. ఆ చీటీ పుస్తకాల సంచిలో ఇంటికి చేరాలి, తల్లి చదవగలగాలి, నొప్పి లేని పన్ను కోసం కూలి మానుకుని బయల్దేరాలి. పైన చెప్పిన అడ్డంకులన్నీ ఆ చీటీ చుట్టూనే ఉన్నాయి.

అందుకని వైద్యాన్నే బడికి తీసుకెళ్లాలని నా వాదన. 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ ద్రావణం ఒక చుక్క పుచ్చు మీద రాస్తే, పాలపళ్లలో దాదాపు 80 శాతం పుచ్చులు అక్కడితో ఆగిపోతాయని అధ్యయనాలు తేల్చాయి. మత్తు సూది అక్కర్లేదు, డ్రిల్లు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పుచ్చిన చోటు నల్లబడుతుంది, ఆ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. గుంటను చేతి పనిముట్టుతో శుభ్రం చేసి గ్లాస్ అయానమర్ సిమెంటు నింపే పద్ధతి కూడా అంతే సులువు. ఆ ద్రావణాన్నీ, ఈ సిమెంటునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఆరో పన్ను గాళ్లను సీలెంట్‌తో మూసేస్తే రెండేళ్ల పాటు దవడ పళ్ల పుచ్చు 80 శాతం దాకా తగ్గుతుంది. ఇవన్నీ బల్ల మీద పిల్లాడిని పడుకోబెట్టి చేయగలిగిన పనులు. న్యూజీలాండ్ 1921లోనే యువతులకు రెండేళ్ల శిక్షణ ఇచ్చి, డెంటల్ నర్సులుగా బడుల్లోనే కూర్చోబెట్టి పిల్లల పళ్లు బాగుచేయించింది. మన దగ్గర పని దొరకని బీడీఎస్ పట్టభద్రులే వేలల్లో ఉన్నారు. బడి బృందంలో వాళ్లలో ఒకరికి చోటివ్వడానికి కొత్త చదువేదీ పెట్టక్కర్లేదు.

కళ్ల విషయంలో రెండు రాష్ట్రాలూ ఈ దారి చూశాయి. తెలంగాణ 2018 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరులో కంటి వెలుగు మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్ మొదట బడి పిల్లల కళ్లే పరీక్షించింది. చూపు లోపం తేలిన పిల్లలకు అద్దాలు చేతికందించాలన్నది పథకంలో భాగం. పళ్లకు ఇప్పటికీ పరీక్ష, చీటీ వరకే. ఏడాది చివర ఎంతమంది పిల్లల్ని పరీక్షించామో అంకె వస్తుంది. ఆ పక్కనే, బడి ఆరోగ్య రిజిస్టరులో ప్రతి పేరు ఎదుటా, పుచ్చు పూడ్చిన తేదీ రాసే గడి ఒకటి కావాలి.