మూర్ మార్కెట్: స్టేషన్ పేరులో మాత్రమే మిగిలిన బజారు

ఈ ఎపిసోడ్‌ని ఒక రైలు టికెట్‌తో మొదలుపెడదాం.

సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్‌లో వెళ్లేవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. ఫోన్‌లో ట్రైన్ చూస్తే చివరి స్టేషన్ 'మూర్ మార్కెట్ కాంప్లెక్స్' అని వస్తుంది. సెంట్రల్ పక్కనే దిగుతాం. కానీ అక్కడ మార్కెట్ ఏదీ కనిపించదు. ప్లాట్‌ఫారాలు, టికెట్ కౌంటర్లు, జనం, అంతే. మరి ఆ పేరు ఎక్కడిది?

మా నాయనకు తెలుసు. చదువుకునే రోజుల్లో ఆయన పుస్తకాలు కొన్నది అక్కడే. కొత్త పుస్తకం కొనే స్తోమత లేదు. రైలెక్కి వెళ్లి, పాత ఫిజిక్స్ పుస్తకం బేరమాడి తెచ్చుకున్నాడు. మొదటి పేజీలో ఇంకెవరిదో పేరు కొట్టేసి ఉంటుంది, దాని కింద ఈయన పేరు. ఆ పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పుస్తకం ఉంది గానీ కొన్న చోటు లేదు.

ఇక చరిత్రకొద్దాం. అప్పట్లో మద్రాసు బ్రాడ్వే దగ్గరున్న పాత మార్కెట్ ఇరుగ్గా, మురికిగా ఉండేది. దానికి బదులు శుభ్రమైన కొత్త మార్కెట్ కట్టాలనుకున్నారు. 1898లో పునాది రాయి వేశారు, 1900లో తెరిచారు. అప్పటి మునిసిపాలిటీ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ పేరే దానికి పెట్టారు. ఎర్ర ఇటుక గోడలు, వరసగా ఆర్చీలు, ఎండా వానా తగలకుండా తిరగడానికి వరండాలు. ఈ శైలిని ఇండో-సారసెనిక్ అంటారు. అంటే మన కోటల్లో, మసీదుల్లో కనిపించే ఆర్చీలనూ గుమ్మటాలనూ యూరప్ పద్ధతి కట్టడాలతో కలపడం.

మొదట్లో కూరగాయలు, పళ్లు, మాంసం, చేపలు అమ్మారు. పోనుపోనూ పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, పాత సామాన్లు, పెంపుడు పక్షులు కూడా వచ్చి చేరాయి. బేరం చేతగానివాడు అక్కడికి వెళ్తే జేబు ఖాళీ అని పేరు. 1953 దాకా మనకూ రాజధాని మద్రాసే కదా. ఆ తర్వాత కూడా తెలుగు సినిమా చాలా ఏళ్లు అక్కడే ఉంది. అందుకే ఆ తరం తెలుగువాళ్లను కదిపితే, మూర్ మార్కెట్ కథ ఒకటైనా బయటికొస్తుంది.

1985 మే 30న మూర్ మార్కెట్ తగలబడింది. అప్పటికే సెంట్రల్ స్టేషన్ పెంచడానికి ఆ స్థలం కావాలన్న మాట నడుస్తోంది. అందుకే ఆ మంట మీద జనంలో అనుమానాలు పుట్టాయి. మిగిలిన గోడల్ని కూల్చేసి, అక్కడే సబర్బన్ టెర్మినల్ కట్టారు. వ్యాపారులకు వెనకాల అల్లికుళం కాంప్లెక్స్‌లో షాపులిచ్చారు.

'అన్నా, రైల్వే స్టేషన్ వచ్చిందిగా, అదీ జనం కోసమేగా' అని మా ఫ్రెండ్ ఒకడు అడిగాడు. కరెక్టే. రోజూ అక్కడ లోకల్ ఎక్కేవాళ్లలో నేనూ ఒకణ్ణి. స్టేషన్ వద్దని నేను అనను. కానీ పోయింది ఇటుకలేనా? డబ్బులేని కుర్రాడికి పుస్తకం దొరికే చోటు పోయింది. బజారు అంటే షాపుల లెక్క కాదు, జనం నడిచే దారి. షాపును ఇంకోచోటికి మార్చొచ్చు గానీ, ఆ దారిని మార్చలేం.

మరి చట్టం ఎందుకు కాపాడలేదు? కేంద్రం 1958లో చేసిన పురాతన కట్టడాల చట్టం కిందికి రావాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్లు ఉండాలి. మూర్ మార్కెట్‌కి అప్పటికి 85. పక్కనే ఉన్న రిపన్ బిల్డింగ్ దానికంటే చిన్నది, 1913 నాటిది. కార్పొరేషన్ ఆఫీసు కాబట్టి నిలిచింది. తమిళనాడు తన హెరిటేజ్ కమిషన్ చట్టం చేసింది 2012లో. అప్పటికి మూర్ మార్కెట్ పోయి 27 ఏళ్లు.

ఇప్పుడు హైదరాబాద్ చూద్దాం. మొజంజాహీ మార్కెట్, మీరంతా ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్లే చోటు. కట్టింది 1935లో. పాడైపోతుంటే బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. అప్పటికి దాని వయసెంత? 85. రెండూ మార్కెట్లే, ఇద్దరిదీ ఒకే వయసు. ఒకటి బూడిదైంది, ఇంకోదాని ముందు మనం సెల్ఫీలు దిగుతున్నాం. తేడా వయసులో లేదు, కావాలనుకోవడంలో ఉంది.

ఓసారి మా నాయన్ని తీసుకెళ్లాను. స్టేషన్ బయట పార్కింగ్ దగ్గర మూర్ మార్కెట్ చిన్న నమూనా ఒకటి ఉంది. కాసేపు దాన్నే చూసి, 'ఇంతేనా?' అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

అందుకే మీకో చిన్న పని. మీ ఊళ్లో పాత మార్కెట్టో, సత్రమో, సినిమా హాలో ఉంటే ఈ ఆదివారం ఫోన్ తీసుకుని వెళ్లండి. గోడ మీద ఏ సంవత్సరం రాసుందో ఫొటో తీయండి. అక్కడ అందరికంటే పెద్ద వయసున్న వ్యాపారిని పది నిమిషాలు మాట్లాడించి రికార్డ్ చేయండి. కూల్చే రోజు వస్తే, అది ఏమిటో చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.