మందు పనిచేసింది, మరి పుండెందుకు మానలేదు?

"నెల తప్పకుండా ఏడాది పాటు మాత్రలు మింగాను. రోగం పోయిందన్నారు. మరి ఈ అరికాలి పుండు ఎందుకు మానదు?" కుష్ఠుకు కోర్సు పూర్తిచేసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఇంట్లోవాళ్ల మనసులో ఇంకోటి ఉంటుంది, పైకి అడగరు: రోగం ఇంకా లోపలే ఉందా, మాకూ అంటుకుంటుందా? రెండింటికీ జవాబు ఒక్కటే. ఆ పుండు క్రిమి తిన్నది కాదు. నొప్పి తెలియని కాలు నడిచి నడిచి చేసుకున్నది. మాత్ర క్రిమిని చంపుతుంది, చచ్చుబడిపోయిన నరాన్ని బతికించలేదు.

ఉదాహరణకు నాగలమడిక ఊరే తీసుకోండి, ఉత్తర పినాకిని ఒడ్డునుంది. కర్ణాటకలోని తుమకూరు జిల్లా అన్నమాటే గానీ పావగడ తాలూకాకు దాదాపు చుట్టూరా ఆంధ్ర నేలే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. వానను నమ్ముకున్న చెనక్కాయ సేద్యం, రాళ్ల గుట్టలు, కంపముళ్లు. కాళ్లకు కష్టమైన నేల. తాలూకా కేంద్రమైన పావగడలో స్వామి జపానంద ఆధ్వర్యంలోని శ్రీరామకృష్ణ సేవాశ్రమం, దాని స్వామి వివేకానంద సమగ్ర గ్రామీణ ఆరోగ్య కేంద్రం ఏళ్ల తరబడి కుష్ఠు, క్షయ రోగుల కోసం పనిచేస్తున్నాయి. ఈ ప్రాంతానికి ఈ జబ్బు కొత్తది కాదు, దాని వైద్యమూ కొత్తది కాదు. కొత్తగా తెలియాల్సింది మందు తర్వాతి సంగతి.

కుష్ఠు క్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. మహా నిదానమైన క్రిమి. ఒకటి రెండు కావడానికి రమారమి రెండు వారాలు పడుతుంది. అందుకే ఒంట్లో చేరిన తర్వాత మచ్చ బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు. నూటికి తొంభై ఐదు మందికి దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. క్రిమికి చల్లని చోట్లంటే ఇష్టం కాబట్టి చర్మంలోనూ, చర్మానికి దగ్గరగా పోయే నరాల్లోనూ కాపురం పెడుతుంది. అలాంటి నరమొకటి కాలి లోపలివైపు చీలమండ ఎముక వెనక నుంచి అరికాలికి దిగుతుంది. అది దెబ్బతింటే స్పర్శ పోతుంది. చెమట పట్టక చర్మం ఎండి పగుళ్లిస్తుంది. పాదంలోని చిన్న కండరాలు నీరసించి వేళ్లు వంకర తిరుగుతాయి, దాంతో ఒంటి బరువంతా వేళ్ల మొదట్లో ఒకే చోట పడుతుంది.

మామూలు మనిషి చెప్పులో రాయి పడితే రెండో అడుగులోనే ఆగి దులుపుకుంటాడు. రాయి లేకపోయినా చాలాసేపు నడిచాక మడమ మంట పుడితే తెలియకుండానే బరువు పక్కకు మార్చుకుంటాడు. స్పర్శ లేనివాడి అడుగులు మారవు. పొద్దున గట్టు మీద గుచ్చుకున్న ముల్లుతో సాయంత్రం దాకా కలుపు తీస్తాడు. బరువు పడినచోట ముందు చర్మం గట్టిపడి ఆనె కడుతుంది; దాని కింద మెత్తటి కండ నలిగి నీరూరుతుంది; ఒకరోజు పగిలి చీము కారుతుంది. అది ఎముక దాకా పోయినా నొప్పి ఉండదు కాబట్టి పని ఆగదు.

ఈ సంగతిని మన పక్కనే, వెల్లూరులో పట్టుకున్నారు. 1940లలో క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, వేళ్లు రాలిపోయేది క్రిమి వల్ల కాదని, తెలియకుండా తగిలే దెబ్బల వల్లేనని చూపించాడు. కొందరికి రాత్రి పడుకున్నప్పుడు ఉన్న వేలు తెల్లారేసరికి పొట్టిదై ఉండేది. కాపు కాసి చూస్తే ఎలుకలు! స్పర్శ లేక మెలకువ రాలేదు. ఆ తర్వాత ఇంటికి పోయే రోగికి మందులతో పాటు ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపేవారట. వైద్యచరిత్రలో నాకు నచ్చిన మందుల చీటీ ఇదే.

మందు విషయానికొస్తే, ఒకప్పుడు దిక్కు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె ఇంజెక్షన్లే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మొదలైన ఆసుపత్రిలో ఇసాబెల్ కెర్ ఇచ్చింది అవే. 1940లలో డాప్సోన్ వచ్చింది. క్రిమి దానికి అలవాటు పడటంతో, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకేసారి ఒకటికి మించిన మందులివ్వాలని చెప్పింది: రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్. మచ్చలు ఐదు దాకా ఉంటే ఆరు నెలలు, మించితే ఏడాది. నరాల పరిస్థితిని బట్టి డాక్టరు మార్చవచ్చు. 28 రోజుల బిళ్లలు ఒకే అట్ట మీద వస్తాయి, పూర్తిగా ఉచితం. నాగలమడికవాళ్లు పావగడ పోయినా, హిందూపురం పోయినా ప్రభుత్వ కుష్ఠు కార్యక్రమం దేశమంతటికీ ఒకటే. మూత్రం ఎర్రగా వస్తే రిఫాంపిసిన్ రంగు, ఒళ్లు నల్లబడితే క్లోఫాజిమిన్ పని, భయపడి మానేయకండి. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. ఇంట్లోవాళ్లు అడగని ప్రశ్నకు జవాబు ఇక్కడుంది: వేరే కంచం, వేరే మంచం అక్కర్లేదు.

భయపడాల్సింది ఇంకొకటుంది. మందు వాడుతుండగా గానీ, అయిపోయాక గానీ మచ్చలు ఎర్రగా ఉబ్బినా, మోచేయి దగ్గరో మోకాలి పక్కనో నరం నొప్పెట్టినా, ఉన్నట్టుండి పాదం వేలాడినా దాన్ని రియాక్షన్ అంటారు. మందు వికటించింది కాదు, చచ్చిన క్రిముల మీద కూడా ఒళ్లు కోపగించుకోవడం. అప్పుడు మాత్రలు ఆపకుండా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. డాక్టరు చెప్పిన మోతాదులో ప్రెడ్నిసోలోన్ అనే మందు సకాలంలో పడితే నరం దక్కే అవకాశం ఉంది. నెలలు గడిచాక పోతే దక్కకపోవచ్చు. నన్నడిగితే జబ్బు మొత్తంలో పరుగెత్తాల్సిన ఘట్టం ఇదొక్కటే.

ఇక పుండు. దీని మీద పోసే పసరు, పూసే ఆయింట్‌మెంటు కన్నా ముందు దానిమీద బరువు పడకుండా ఉండటమే వైద్యం. క్రిమే చేసే పుండు సంగతి వేరు: ఆఫ్రికా దేశాల్లో, ఆస్ట్రేలియాలో బురూలి పుండు అని ఒకటుంది. కుష్ఠు క్రిమికి దాయాది అయిన క్రిమి విషం వదిలి కండను కరిగిస్తుంది, నొప్పి అందులోనూ ఉండదు. అక్కడ రిఫాంపిసిన్, క్లారిత్రోమైసిన్ ఎనిమిది వారాలు వాడితే వ్రణమూలమే పోతుంది. మన అరికాలి పుండుకు మూలం నడక. కాబట్టి విశ్రాంతి, అవసరమైతే పాదానికి పట్టీ కట్టు లేదా ప్లాస్టరు. దాంతో చాలా పుళ్లు కొన్ని వారాల్లో మానుతాయి. చీము, దుర్వాసన, జ్వరం, వాపు ఉంటేనే యాంటీబయాటిక్ అవసరం. విత్తనాల వేళ విశ్రాంతి తీసుకోమనడం చెప్పేవాళ్లకు తేలిక. అందుకే పుండు రానీయకపోవడమే మేలు.

దానికి రోజూ ఓ అరగంట. చల్లని మంచినీళ్లలో కాళ్లు నానబెట్టాలి. వేడినీళ్లు వద్దు, కాలినా తెలియదు. నానాక ఆనెకాయను గరుకురాయితో మెల్లగా రుద్దాలి, బ్లేడుతో కోయకూడదు. తడి ఆరకముందే కొబ్బరినూనో వాజ్‌లైనో రాస్తే లోపలి తేమ నిలుస్తుంది. తర్వాత అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవాలి, కన్ను మందగిస్తే ఇంట్లో పిల్లల చేత చూపించుకోవాలి. ఎరుపు, వాపు, పొక్కు, పక్క కాలికన్నా వేడి - ఏది కనిపించినా ఆరోజు నడక తగ్గించాలి. చేతులు కూడా మొద్దుబారితే పొయ్యి మీద గిన్నె దించేటప్పుడు మందపాటి గుడ్డ తప్పనిసరి.

మెత్తటి రబ్బరు ఎం.సి.ఆర్. చెప్పులను ప్రభుత్వ కార్యక్రమం ఉచితంగా ఇస్తుంది. వెనక పట్టీ ఉండాలి, మేకులు ఉండకూడదు: ఒక్క మేకు పైకి తేలితే చెప్పే ముల్లవుతుంది. వేసుకునే ముందు తిరగేసి దులపాలి. వాటిని చూస్తేనే "పెద్దరోగం వచ్చినాయన" అంటారని చాలామంది అటకెక్కిస్తారు. ఇప్పుడు షుగరుతో కాళ్లు మొద్దుబారినవాళ్లకూ డాక్టర్లు ఇలాంటి చెప్పులే రాస్తున్నారు, వాళ్ల అరికాలి పుళ్లకూ ఇదే నియమం. ఆ వెలివేత చూపును చట్టమూ వదులుకుంటోంది: కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును 2019లో పార్లమెంటు చట్టం తీసేసింది. స్పర్శ తెలియని లేతరంగు మచ్చ ఎక్కడైనా కనిపిస్తే ఆశా కార్యకర్తకు చెప్పండి. అరికాలు బాగానే ఉండగానే మాత్రలు మొదలైతే ఈ వ్యాసం సగం మీకు అక్కరకు రాదు.