రెండు విద్యుత్తులు, ఒక శీతలయంత్రము

మన ఉత్తరాంధ్ర తీరమునకు ఆశ్వయుజ కార్తీకములు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను గూడ చీకటిలో ముంచినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలతోపాటు విద్యుత్ స్తంభములను వేలకొలదిగా కూల్చినది. ఇంటికి లాంతరు చాలును. ఆస్పత్రిలో టీకా మందులున్న పెట్టెకు చాలదు.

ఆ మందులను 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంచవలెను. పోలియో చుక్కలు వేడికి చెడును. ధనుర్వాతపు టీకా గడ్డకట్టినచో చెడును. అందుచే గోడలలో మంచుపొర గల ప్రత్యేకపు పెట్టెలను వాడుదురు. రోజుకు 8 గంటలు విద్యుత్తు అందినచో, మూతను మాటిమాటికి తెరువకున్నచో, అవి చల్లదనమును నిలుపుకొనును. స్తంభములే కూలిన దినములలో ఆ 8 గంటలును జనరేటరే ఈయవలెను.

ఇచట ఒక చిక్కు కలదు. 2,000 వాట్ల నీటి హీటరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు తీసికొనును. మొదటినుండి తుదివరకు అంతే. శీతలయంత్రపు మోటారు నడచునపుడు కొద్దిగనే తీసికొనును గాని, కదలబోవు క్షణమున అంతకు ఐదారు రెట్లు కోరును. రెంటిని ఒకే చిన్న జనరేటరుకు తగిలించినచో మోటారు మూలుగుచు నిలిచిపోవును. కాబట్టి శీతలయంత్రమునకు జనరేటరు తీగను వేరుగా ఈయవలెననియు, హీటర్లను మామూలు సరఫరాకే విడువవలెననియు మేము చెప్పుదుము. నీటిని కట్టెలపొయ్యి కూడ కాచును. ఏ పొయ్యియు మందును చల్లబరుపదు.

అంతకన్న ముఖ్యమైనది, ఈ రెండు విద్యుత్తులు కలియరాదు. తొందరలో కొందరు జనరేటరు తీగను గోడసాకెట్టులో గ్రుచ్చుదురు. ఆ విద్యుత్తు మీటరు దాటి వీధి తీగలోనికి వెనుకకు పారును. 11,000 వోల్టులను తగ్గించి మనకిచ్చు ట్రాన్స్‌ఫార్మరు అపుడు తలక్రిందుగా పనిచేసి, 230ని మరల వేలకు పెంచును. గాలికి తీగ తెగి ఆ ముక్క వేరుపడియున్నచో చిన్న జనరేటరుకును ఇది శక్యమే. స్తంభము మీది లైన్‌మన్, ఇతర జిల్లానుండి మనకై వచ్చినవాడే కావచ్చును, తీగలో ప్రాణము లేదని నమ్మి చేయి వేయును.

దీనికి విరుగుడు చేంజోవరు స్విచ్చి. ఫేజును, న్యూట్రలును రెంటిని విడదీయునట్టిదే కొనవలెను. దానికి మూడు స్థానములు: ఒకవైపు సరఫరా, మరొకవైపు జనరేటరు, నడుమ ఖాళీ. ఆ నడిమి స్థానమున మూడు నాలుగు నిమిషములు ఆగుట మేలు. ఆగిన కంప్రెసరులోని ఒత్తిడి సమమగుటకు అంత వ్యవధి కావలెను. గోడమీద మూడు స్థానములను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించుడు. అర్ధరాత్రి గాలివానలో టార్చిలైటుతో వచ్చునది ఇంజనీరు కాదు, కాపలాదారు.