కెమెరా ఉంది... రికార్డు ఉందా?



స్కూల్ బస్సు దిగిన పిల్లలు, మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లో ఒంటరిగా ఉంటారన్న బెంగతో చాలామంది సీసీ కెమెరాలు పెట్టిస్తున్నారు. తీరా అవసరమైన రోజున రికార్డు చెరిగిపోయి ఉంటే ఆ ఖర్చంతా వృథాయే.

ముందు లెక్క వేసుకోండి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే ఒక్కో కెమెరాకు సుమారు 22 జీబీ కావాలి. నాలుగు కెమెరాలైతే 1 టీబీ హార్డ్ డిస్క్ 11 రోజుల్లో నిండిపోతుంది. ఆపై పాత దాన్ని చెరిపేసి కొత్తది రికార్డవుతుంది. దసరా సెలవులకు ఊరెళ్లేవారు 2 టీబీ తీసుకోవడం మంచిది.

బిగించేటప్పుడు:

• ఒక కెమెరా గుమ్మం దగ్గర, ముఖాలు స్పష్టంగా కనిపించే ఎత్తులో ఉండాలి.
• డీవీఆర్‌ను టీవీ పక్కన కాకుండా, ఎవరి కంటా పడని, గాలి ఆడే చోట పెట్టండి. దాన్ని, కెమెరాలను, రౌటర్‌ను యూపీఎస్‌కు కలపండి.
• బిగించిన వ్యక్తి పెట్టిన పాస్‌వర్డ్‌ను ఆ రోజే మార్చేయండి.
• పిల్లల పడకగదిలో కెమెరా వద్దు. మిగతావి ఎక్కడున్నాయో పిల్లలకు, పనిమనిషికి ముందే చెప్పండి.

నెలకోసారి వారం కిందటి రికార్డు తెరిచి, తేదీ, సమయం సరిగా ఉన్నాయో చూడండి. ఇంటికి రాగానే మీకు ఫోన్ చేసే అలవాటును మాత్రం పిల్లలతో మానిపించకండి. కెమెరా చూడగలదు, ధైర్యం చెప్పాల్సింది మీరే.