గుడ్డి పత్తికి విరుగుడు గుడ్డు దశలోనే

పాలకుర్తి: జనగామ, వరంగల్ యార్డులలో పత్తి వర్తకుడు మొదట చూచేది రంగు, తేమ. గులాబీ రంగు పురుగు తొలిచిన కాయ సరిగా విచ్చదు. దూదికి మచ్చ పడుతుంది, పింజ చెడుతుంది. సరుకు గుడ్డి పత్తిగా తేలితే రైతుకు ధర తెగుతుంది, కొన్నవారికి జిన్నింగులో తరుగు పెరుగుతుంది.

పురుగు కాయలో దూరిన తరువాత మందు దానికి తగలదు. కనుక గుడ్డు దశలోనే అరికట్టవలెను. ఆ పని చేసేవి ట్రైకోగ్రామా బదనికలు. ఇవి మిల్లీమీటరు పొడవు కూడా లేని కందిరీగ జాతి ప్రాణులు. పురుగు గుడ్డులో తమ గుడ్డు పెడతాయి. దాని పిల్ల లోపలి పదార్థాన్ని తిని పెరుగుతుంది. చివరకు ఆ గుడ్డు నుంచి పురుగుకు బదులు బదనికే వెలువడుతుంది. ఇవి మనుషులను కుట్టవు.

విశేషమేమంటే, వీటిని పెంచేది ధాన్యం వర్తకులకు చిరపరిచితమైన, నిల్వ బియ్యంలో గూళ్లు కట్టే కార్సైరా పురుగు గుడ్లపైన. ఆ గుడ్లను అట్టకు అంటించి అమ్ముతారు. కార్డుకు సుమారు 20,000 గుడ్లు. గులాబీ పురుగుకు ట్రైకోగ్రమటాయిడియా బాక్ట్రే రకాన్ని ఎకరాకు 60,000 చొప్పున, అనగా మూడు కార్డులు, పూత దశ నుంచి వారం ఎడంతో మూడుసార్లు వదలవలెనని సిఫారసు.

పాత అనుభవం మరువరానిది. 1997-98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు, శనగపచ్చ పురుగు విజృంభించాయి. మందు మీద మందు కొట్టినా పంట దక్కలేదు. అప్పుల పాలైన పత్తి రైతులు పెక్కుమంది ప్రాణాలు తీసుకున్నారు. ఆ మందులలో చాలా భాగం వర్తకుల వద్ద అరువుకు తెచ్చినవే. 2002లో బీటీ పత్తి, 2006లో రెండు జన్యువుల రకం వచ్చాయి. తరువాతి దశాబ్దంలో గులాబీ పురుగు వాటినీ తట్టుకున్నది.

అయితే కార్డు వ్యాపారం మందు డబ్బా వ్యాపారం వంటిది కాదు. సరుకు గోదాములో నెలల తరబడి నిలవదు. ఆలస్యమైతే బదనికలు పెట్టెలోనే బయటపడి చస్తాయి. కనుక రైతుల విస్తీర్ణం చూచుకొని, పూతకు ముందే ఆర్డరు పెట్టవలెను. కార్డులు కట్టిన చేలో వారం రోజులు మందు కొట్టరాదని కూడా కొనేవారికి చెప్పవలెను. ఒకే దుకాణం రెండూ అమ్మే చోట ఈ మాట మరీ ముఖ్యం.

బదనికలతోనే పని తీరదు. లింగాకర్షక బుట్టలు పెట్టాలి, పంటను డిసెంబరు దాటి పొడిగించరాదు. మిల్లుల వంతు కూడా ఉన్నది. జిన్నింగు ఆవరణలో మిగిలిన గుడ్డి కాయలు, చెత్త నుంచి రెక్కల పురుగులు లేచి మరుసటి పంటకు చేరుతాయి. చెత్తను వెంటనే కాల్చివేయడం, ఆవరణలో బుట్టలు వేలాడదీయడం స్వల్ప ఖర్చు. మచ్చలేని పత్తి కోరే వర్తకునికి అది ముందుగా పెట్టే పెట్టుబడి.