ఐచ్ఛిక పరీక్ష: వ్రాయుటయా, మానుటయా?

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమునందలి ఫ్రిస్కో పట్టణమున కాపురమున్న మా చెల్లెలు గత మాసమున నాతో టెలిఫోనులో రెండు గంటలు మాటలాడినది. అందు గంటన్నర యొక పరీక్షనుగూర్చియే. ఆమె కుమార్తె పదునొకండవ తరగతి చదువుచున్నది. మీదటి సంవత్సరము కళాశాలలకు దరఖాస్తు పెట్టవలెను. “కళాశాలలవారే యక్కరలేదనుచుండగా నేనేల వ్రాయవలెను?” అని పిల్ల వాదము. “వేసవి సెలవులన్నియు దానికే వినియోగింపవలసినదే” అని తండ్రి పట్టుదల. నడుమ నలుగుచున్నది తల్లి.

ఈ తగవు అచ్చటి తెలుగువారి యిండ్లలోనే గాక, పిల్లలను ఇంటర్మీడియెటు కాగానే యచ్చటికి పంపదలచిన హైదరాబాదు కుటుంబములలో గూడ వినవచ్చుచున్నది. కావున సోదరీమణులకు దీని పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియుట మేలని తలంచితిని.

ఆ పరీక్ష పేరు శాట్. 1926లో మొదటిసారి జరిగినది. దానికి పోటీగా 1959లో ఏ.సి.టి. యనునది బయలుదేరినది. అమెరికాలో ఏ పాఠశాల మార్కులు ఆ పాఠశాలవే; ఒకచోటి మొదటి తరగతి వేరొకచోట రెండవది కావచ్చును. అందరికిని ఒక్క కొలపాత్ర కావలెనని యీ పరీక్షలు పుట్టినవి. శాట్‌లో పఠన లేఖనములు ఒక భాగము, గణితము ఒక భాగము. ఒక్కొక్కదానికి 800 చొప్పున మొత్తము 1600. ఇప్పుడు కంప్యూటరుమీద రెండు గంటల పదునాలుగు నిమిషములలో ముగియును.

ఇది లేకున్నను చేర్చుకొందుమని 1969లో మెయిన్ రాష్ట్రమునందలి బోడిన్ కళాశాల ప్రకటించినది. అప్పుడు దాని వెంట నడచినవారు కొద్దిమంది. 2020లో కోవిడు వ్యాధివలన పరీక్షాకేంద్రములు మూతపడగా పేరుపొందిన విద్యాలయములు దాదాపు అన్నియు ఆ దారి పట్టినవి. వ్యాధి తగ్గినపిమ్మట దారులు చీలినవి. ఎం.ఐ.టి. 2022లో పరీక్షను మరల తప్పనిసరి చేసినది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డులును, టెక్సాసులోని ఆస్టిన్ విశ్వవిద్యాలయమును అట్లే చేసినవి. యేల్ మాత్రము శాట్, ఏ.సి.టి.లకు బదులు మరి రెండు విధములైన పరీక్షలనుగూడ అంగీకరించెదనన్నది. కొలంబియా ఐచ్ఛికమే శాశ్వతమని 2023లో ప్రకటించినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారన్ననో, పిల్లలను చేర్చుకొనుటకు ఈ మార్కులను చూడనే చూడరు; పంపినను లాభము లేదు. కావున “అక్కరలేదట” యను మాట విని సంతోషించుటకు ముందు, ఏ కళాశాలవారు, ఏ సంవత్సరమునకు అట్లనిరో కాగితముమీద వ్రాసికొనవలెను. మా చెల్లెలింట అదియే జరుగలేదు. పిల్ల జాబితాలో ఆస్టిన్ మొదటనే యున్నది! వ్రాయుట యను మాట అక్కడనే తేలిపోయినది.

మిగిలినది పంపుట. వ్రాయుట వేరు, పంపుట వేరు. జార్జిటౌను వంటి కొన్ని వ్రాసిన ప్రతిసారి మార్కులను చూపుమనును గాని, ఐచ్ఛికమన్న కళాశాలలు పంపుటయో మానుటయో మనకే విడిచిపెట్టుచున్నవి. ఇచ్చటనే తల్లులు బెదరుచున్నారు. తమయందు చేరిన విద్యార్థులలో నడిమి సగముమంది మార్కులు ఇన్నింటినుండి ఇన్నింటివరకని కళాశాలలు ప్రకటించును. ఒకచోట 1500కు మీదనే యుండుట చూచి, అభ్యాసపరీక్షలో 1400 తెచ్చుకొన్న బిడ్డకు ఇక దారిలేదని మా చెల్లెలు కంట నీరు పెట్టుకొన్నది.

కాని ఆ సంఖ్య ఎవరిది? మార్కులు పంపినవారిది మాత్రమే. పెండ్లిలో నగలున్నవారు ఫొటోకు ముందుకు వచ్చి, లేనివారు వంటయింటిలో నిలిచిపోయిరనుకొనుడు. ఆ చిత్రము చూచి చుట్టములందరును నగలవారే యనుకొందుమా? తక్కువ వచ్చినవారు దాచుకొన్నకొలది ప్రకటించిన సంఖ్య పెరుగును. అది పెరిగినకొలది మరికొందరు దాచుకొందురు. డార్ట్‌మత్ పండితులు పరిశీలించి 2024లో తెల్పినదేమనగా, కలిమి లేని కుటుంబముల పిల్లలు కొందరు తమకు మేలుచేయగల మార్కులనే, 1400 ప్రాంతపువానినే, దాచుకొన్నారట. మార్కులను ఆ పిల్ల చదివిన పాఠశాలతో పోల్చి చూచుదురు గనుక, చుట్టుపట్ల ఎవరికిని రాని 1400 గొప్పదే.

ఈ యూరట మా చెల్లెలికి పూర్తిగా చెల్లదని నేను దాచకుండ చెప్పితిని. ఆమె బిడ్డ చదువు పాఠశాలలో ఇంజనీర్ల పిల్లలే యెందరో. అక్కడ 1400 అబ్బురము కాదు. అయితే పిల్లకు గణితములో 750 వచ్చినది, తగ్గినది రెండవ భాగము. పలు కళాశాలలు వేర్వేరు సారులు వ్రాసినవానిలో ఒక్కొక్క భాగమునకు వచ్చిన మేలైన మార్కులను కలిపి చూచును. ఇంజనీరింగు కోరు పిల్లకు ఇది చిన్న విషయము కాదు.

పంపకున్న దోషము లేదని ఐచ్ఛిక కళాశాలలు చెప్పుమాటను నేను నమ్ముదును. కాని ఆ బరువంతయు తరగతి మార్కులు, వ్యాసములు, ఉపాధ్యాయుల లేఖలు మోయవలెను. డబ్బు సంగతియు కలదు. అలబామా వంటి కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయములు తరగతి సరాసరికి తోడు ఈ మార్కులనుబట్టి విద్యార్థివేతనము నిర్ణయించును. ఇల్లు నడపు తల్లి మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే, ఎవరును అడుగరేమో! జాబితాలోనివన్నియు కాలిఫోర్నియావారివే యైనచో పిల్లను నిద్ర పోనిండు.

మా మరదిని తప్పు పట్టజాలను. మన దేశమున 1986లో ఎంసెట్ మొదలైనది మొదలు ర్యాంకే సర్వస్వమని పెరిగిన తరము అతనిది. ఒక్క పూటలో తన జీవితము తేలినది. కుమార్తెదియు అట్లే తేలునని భయము. అచ్చట పరీక్ష దరఖాస్తులో ఒక భాగమేయని నచ్చజెప్పుటకు నాకు మరి మూడు ఆదివారములు పట్టినది.

తుదకు కుదిరిన ఒడంబడిక యిది: ఆగస్టులో ఒకసారి, వలయునన్న అక్టోబరులో మరియొకసారి, మూడవది లేదు. ఖాన్ అకాడమీవారు 2015 నుండి ఉచితముగా ఇచ్చుచున్న అభ్యాసపాఠములు రోజునకు ఒక గంట. గ్రంథాలయములో చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించు పని పిల్ల మానదు. ఆస్టిన్‌కు ఎన్ని వచ్చినను పంపును. తక్కినవానికి మార్కులు చూచినపిమ్మట ఒక్కొక్కదానినిగూర్చి తల్లియు బిడ్డయు కూర్చుండి తేల్చుకొందురు.

టెలిఫోను పెట్టుటకు ముందు పిల్ల మెల్లగా, “పెద్దమ్మా, మార్కులు బాగుండకున్న నాన్నగారితో నీవే చెప్పవలెను” అన్నది. సరేనంటిని.