వాతావరణ మార్పుల వార్తలకు డబ్బులిచ్చేదెవరు? ఆ సాయం ఆగితే ఏమవుతుంది?

వరద వచ్చిన రోజు ఏ ఛానల్ పెట్టినా అదే వార్త. మరి నీళ్లు తగ్గాక? పరిహారం ఎవరికి అందిందో ఆర్నెల్ల తర్వాత వెళ్లి చూసేవాళ్లు చాలా తక్కువ. కారణం ఒక్కటే.. ఖర్చు.

2022 వరదల్లో పాకిస్తాన్‌లో 1,700 మందికి పైగా చనిపోయారు. 3.3 కోట్ల మందిపై ప్రభావం పడింది. అదే ఏడాది ఈజిప్టులో జరిగిన కాప్-27 సదస్సులో, నష్టపోయిన పేద దేశాల కోసం ప్రత్యేక నిధి పెట్టాలని ఒప్పందం కుదిరింది. ఇలాంటి సొమ్ము బాధితుల దాకా చేరుతోందా లేదా అని ఆరా తీయాల్సింది అక్కడి జర్నలిస్టులే. కానీ ప్రయాణాలు, శాటిలైట్ చిత్రాలు, నెలల తరబడి పరిశోధన.. ఇవన్నీ చిన్న పత్రికలకు మోయలేని భారం.

సాయం ఎక్కడి నుంచి?

ఎక్కువగా విదేశీ సంస్థల నుంచే. ఇంటర్‌న్యూస్ సంస్థ 2004లో ఎర్త్ జర్నలిజం నెట్‌వర్క్‌ను మొదలుపెట్టింది. ఇది శిక్షణ, గ్రాంట్లు ఇస్తుంది. కాప్ సదస్సులకు జర్నలిస్టులను పంపిస్తుంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థకు 2022లో ఐదు ఫౌండేషన్లు కలిసి 80 లక్షల డాలర్లు ఇచ్చాయి. ఆ డబ్బుతో ఆఫ్రికా, బ్రెజిల్, భారత్, అమెరికాల్లో వాతావరణ వార్తల కోసం జర్నలిస్టులను నియమిస్తామని ఆ సంస్థ ప్రకటించింది.

ఒక్క సంతకంతో..

2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేశారు. అప్పటిదాకా ఇంటర్‌న్యూస్‌కు వచ్చిన సొమ్ములో పెద్ద భాగం అమెరికా ప్రభుత్వానిదే. దాంతో దెబ్బ గట్టిగా తగిలింది. రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ లెక్క ప్రకారం, యూఎస్ ఎయిడ్ 2023లో అన్ని రకాల వార్తలకు కలిపి 6,200 మంది జర్నలిస్టులకు, 707 మీడియా సంస్థలకు సాయం చేసింది.

మన దగ్గర ఎలా?

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం-2010 ప్రకారం మన పత్రికలు, న్యూస్ ఛానళ్లు విదేశీ విరాళాలు తీసుకోకూడదు. అంటే ప్రకటనలు, చందాలు, దేశంలోని దాతలే దిక్కు.

డబ్బిచ్చేవాళ్లు వార్తను శాసిస్తే ఎలా అన్న అనుమానం ఎప్పుడూ ఉండేదే. అందుకే ఎవరు సాయం చేశారో కథనం కిందే రాయడం, రాతలో దాత జోక్యం లేకుండా చూడటం మంచి పద్ధతి. ఈసారి వాతావరణ కథనం కనిపిస్తే చివరి లైన్ కూడా చదవండి. ఖర్చు ఎవరిదో అక్కడే తెలుస్తుంది.